ఆకలి ట్యూబులు

నరసన్న కర్నూలులో ఒక కాలేజీ ల్యాబ్‌లో గాజు సామాను కడిగి సర్దే పనిలో ఉన్నాడు. పెండ్లాం ఉరుకుందమ్మ గుంటూరు మిరప చేన్లకు సుగ్గికి, కాయలు కోసే కూలికి, వలస పోయింది. ఊర్లో ఇంటికి తాళం. ఉగాది పోయినా ఆమె రాలేదు.

ఆ పొద్దున, పరిశోధన చేసే భువన తన అమీబాలను తిండి లేని నీళ్లలోకి మార్చింది. పాముల పేగుల్లో బతికే రకం అవి.

"తిండి లేకుంటే చావవా మేడమ్?"

"చావవన్నా. చుట్టూ గోడ కట్టుకుని ముడుచుకుంటాయి. ఆ గోడ కట్టే ఎంజైమ్ ఆకలేస్తేనే పనికి దిగుతుంది. ఎంత జోరుగా చేస్తాందో ఎల్లుండి కొలవాల."

"మళ్లా బయటికి రావా?"

"తిండి దొరికితే వస్తాయి. గోడ కరిగించే ఎంజైమ్ వేరే ఉండాది."

మధ్యాహ్నం ఉరుకుందమ్మ ఫోన్ చేసింది.

"ఏమప్పా, తింటివా?"

"తింటిలే. ఎప్పుడొస్తాండావు?"

"వచ్చి ఏం తినాల? మన చేన్లో రాళ్లా? కూలోళ్ల మేస్త్రీ ఇంకో చేను చూపిస్తానన్నాడు."

"కర్నూలుకు రారాదా?"

"నీ రూములో నేనొస్తే నువ్వు వాకిట్లో పండుకోవాల."

నవ్వి పెట్టేసింది. నరసన్న ట్యూబుల దగ్గరే నిలబడిపోయాడు. అమీబాల తిండి సీసా ఎదురుగానే ఉంది. వాకిట్లోకి వచ్చిన కుక్కకైనా ఇంత ముద్ద వేయకుండా వాళ్లింట్లో ఎవరూ తినరు. అతను ఒక్కో ట్యూబులో ఇంత పోసి మూతలు బిగించాడు.

మూడోనాడు భువన మైక్రోస్కోపు మీద నుంచి తల ఎత్తింది.

"ఒక్కటీ గోడ కట్టలేదు. ఎవరన్నా తిండేసినారా?"

"నేనే మేడమ్."

"చావవని చెప్తినే."

"ముడుచుకుంటాయని కూడా చెప్తివి కదమ్మా."

భువన స్టూలు మీద కూర్చుంది. "మళ్లీ మొదట్నుంచి పెంచాల. ఇవి ల్యాబ్ కుక్కర్లో ఉడికించి పారేయన్నా. ఆ సీసా ఇంక నా బీరువాలోనే," అంది.

ఉడికించే ముందు ఒకసారి మైక్రోస్కోపులో చూస్తానని నరసన్న అడిగాడు. కడుపునిండినవి నింపాదిగా ఒళ్లు చాపుకుంటూ పోతున్నాయి. తనే ట్యూబులు తీసుకుపోయి కుక్కర్లో పెట్టి మూత బిగించాడు. ఆవిరి రాగానే బయటికొచ్చి ఫోన్ చేశాడు.

"తింటివా?"

"తింటి. ఏమప్పా, ఈపొద్దు రమ్మని అడగలే?"

"అడగను. ఆదివారం నేనే వస్తా. నీతోపాటు కోస్తా."



"తువ్వాల తెచ్చుకో," అంది. "ఘాటుకు ఓర్చుకోలేవు నువ్వు."