ఆరని జిగురు

చేతి తొడుగులు వేసుకునే ముందు పళ్ళ డాక్టరమ్మ కుడిచేతిని సింకు అంచుకేసి అదిమి పట్టుకుంది. రోజూ ఉదయం ఇదే పని. అదిమితే వణుకు కాసేపు అణుగుతుంది. వానలు మొదలైనప్పుడు బొటనవేలి దగ్గర పుట్టిన వణుకు ఇప్పుడు మణికట్టు దాకా పాకింది. ఎవరికీ చెప్పలేదు. పక్కగదిలో ఇదే వైద్యం చేసే తమ్ముడి భార్యకు కూడా.

కుర్చీలో ఉన్న బస్సు డ్రైవరు జేబులోంచి కాగితం పొట్లం తీసి విప్పాడు.

"ముద్దలో రాయి వచ్చిందని మా ఆవిడ మీద అరిచేశాను డాక్టరమ్మా. తీరా చూస్తే మీరు పెట్టిన ఫిల్లింగు! ఇప్పుడు ఆవిడకి మీరే సర్దిచెప్పాలి."

డాక్టరమ్మ నవ్వబోయింది. నవ్వు రాలేదు. ఆ ముక్కను దీపం కింద తిరగేసి చూసింది. అడుగు భాగం గాజుపెంకులా నున్నగా మెరుస్తోంది. పంటిని పట్టుకున్న జిగురు ఇంత శుభ్రంగా వదలదు. జిగురు పూస్తే చాలదు, చిన్న కుంచెతో రుద్ది రుద్ది పంటిలోకి ఇంకించాలి. ఈ ఫిల్లింగు పెట్టిన రోజు కుంచె జారి చిగుళ్ళకు గుచ్చుకుంటే ఈయన ఉలిక్కిపడ్డాడు. ఆ భయంతో రుద్దకుండా అద్దేసి వదిలేసింది. ఇంకెంతమంది నోళ్ళలో అలా అద్దేసిందో లెక్కపెట్టబోయి మానేసింది.

"భయపడకండి, మళ్ళీ పెడతాను," అంది. భయపడుతున్నది ఎవరో ఆమెకు తెలుసు.

పన్ను శుభ్రం చేసి, చుట్టూ దూది పెట్టి, కుంచెను జిగురులో ముంచింది. రుద్దడం మొదలుపెట్టింది. రుద్దేటప్పుడు చెయ్యి ఎలాగూ కదులుతుంది కదా, వణుకు అందులో కలిసిపోతుందని ఇన్నాళ్ళూ తనకు తాను చెప్పుకుంది. కలవలేదు. కుంచె పంటి మీంచి ఎగిరి దూదిని తాకింది, మళ్ళీ ఎగిరింది. నోరు తెరుచుకుని ఉన్న డ్రైవరు కళ్ళు ఆమె చేతి మీదకే వచ్చాయి. ఈ కుర్చీ పక్కన కాకపోతే తను ఎక్కడ నిలబడాలో ఆమెకు తెలియదు.

కుంచెను పళ్ళెంలో పెట్టేసి, వెలుతురు పడకుండా నారింజరంగు మూత వేసింది.

"అమ్మాయ్, ఓసారి ఇలా రా."

మరదలు వచ్చింది. ఏమిటని అడగలేదు. కొత్త తొడుగులు వేసుకుంది.

"నీకు తెలుసా?"

"నువ్వు టీ తాగుతుంటే సాసరు గలగలమంటది వదినా. గోడవతల నాకేం చెవుడా?"

"మరి అడగలేదేం?"

"అడిగితే ఒప్పుకునే మనిషివా నువ్వు?"

"జిగురు రుద్దకుండా అద్దేసి పంపినవాళ్ళు ఇంకా ఉన్నారే."

"పిలుద్దాం. అందర్నీ పిలిచి చూద్దాం. ముందు ఈయన నోరు నొప్పెడుతుంది."

డ్రైవరు నోరు మూయకుండానే ఔనన్నట్టు మూలిగాడు.

మరదలు కొత్త కుంచెతో రుద్దింది. డాక్టరమ్మ రెండు చేతులూ కట్టుకుని, వంగి, పంటినే చూసింది.

"ఇంకా రుద్దు... ఆ మూల... ఇప్పుడు గాలి ఊదు. మెల్లగా. జిగురులో ఇంకా అలలు కదులుతున్నాయి... ఆ, ఆగింది. లైటు పెట్టు."

నీలిరంగు వెలుగు పడింది. ఆ వెలుగుకు జిగురు గట్టిపడింది. దాని మీద మరదలు ఫిల్లింగు పెట్టింది.

డ్రైవరు లేచి అద్దంలో పన్ను చూసుకునేసరికి డాక్టరమ్మ తెల్లకోటు తలుపు వెనక కొక్కేనికి తగిలించి ఉంది. వీధి తలుపు చప్పుడు లేకుండా మూసుకుంది.

ఆమె వాడిన కుంచె పళ్ళెంలో, నారింజరంగు మూత కింద ఉండిపోయింది. వెలుతురు తగలక, దాని కొసన జిగురు ఇంకా తడిగానే ఉంది.