ఎర్ర అంచు వేషం

డ్రయ్యర్‌లోంచి తీసిన వేడి బట్టలు మంచం మీద పోసుకుని శ్రీలేఖ మడతలు పెడుతోంది. అత్తగారి బూడిదరంగు స్వెటర్ దులపగానే జేబులోంచి ఎర్ర పట్టుపీలిక ఒకటి జారిపడింది. దాని మీద జరీ మామిడిపిందెలు. లేచి వెళ్లి అల్మరా తెరిచింది. అనుకున్నంతా అయింది. ఎర్రచీర లేదు.

ఆకుపచ్చది పోయిన వారమే మాయమైంది. పసుపుది అంతకుముందే. అవన్నీ ఒకప్పుడు అత్తగారు ఛాయాదేవి చీరలే. మామగారు పోయాక రంగుచీరలన్నీ మూటకట్టి తెచ్చి, "ఇంక నాకెందుకమ్మా, నువ్వు కట్టుకో" అని కోడలి చేతిలో పెట్టింది. ఆనాటినుంచి తెలుపూ బూడిదరంగూ తప్ప ఆవిడ ఒంటిమీద మరో రంగు లేదు.

ఇచ్చినవాటిని మళ్లీ తీసుకుపోయి చింపడమేమిటి? వంటింట్లో కత్తెర కనబడక కూడా చాలా రోజులైంది. మధ్యాహ్నం కాగానే ఆవిడ వాకింగ్ అని బయల్దేరుతుంది, వచ్చేసరికి చీకటి పడుతుంది. బాత్రూమ్‌లో నీళ్ల చప్పుడు వెనక ఎవరో దరువేస్తున్నట్టు అడుగుల మోత. అడిగితే "ఏం లేదమ్మా" అంటుంది.

ఇదంతా శ్రీలేఖ భర్తకి చెప్పలేదు. ఉదయ్ వరి పరిశోధన కేంద్రంలో శాస్త్రవేత్త. ఆ ఉద్యోగం కోసమే లూసియానాలో ఈ పొలాల మధ్యకి వచ్చారు. మొన్న చలికాలంలో ఛాయాదేవి స్టవ్ ఆపడం మరిచిపోయిన రోజే అతను ఒక నిర్ణయానికి వచ్చేశాడు.

"గురువారం మెమరీ డాక్టర్ అపాయింట్‌మెంట్ బుక్ చేశాను. పగలంతా చూసేది నువ్వు కాబట్టి నువ్వే చెప్పాలి. బాగా ముదిరిందంటే లాఫయెట్‌లో వృద్ధుల హోమ్‌లో చేర్పించక తప్పదు, లేఖా."

అంటే అత్తగారు ఈ ఇంట్లో ఉండడమా, మానడమా అన్నది ఇప్పుడు శ్రీలేఖ మాట మీద ఉంది. పీలికని పిడికిట్లో దాచుకుంది.

మర్నాడు ఛాయాదేవి బయటికి వెళ్లిన కాసేపటికి తనూ బయల్దేరింది. నీళ్లు నిలిచిన మళ్ల పక్కనుంచి వెళితే పొరుగావిడ ఒడిల్ ఇల్లు వస్తుంది. డెబ్బై దాటిన ఆ ఫ్రెంచి ముసలావిడ వరండాలో కూర్చుని సన్నటి తీగ జల్లెడ ముసుగు మీద కళ్లూ ముక్కూ రంగులతో దిద్దుతోంది.

"మంగళవారం మార్డీ గ్రా కదా" అంది, అడక్కుండానే. "మర్నాటినుంచి మాకు నలభై రోజుల ఉపవాసాలు. ఆ ముందురోజు వేషాలు కట్టి ఇల్లిల్లూ తిరిగి కోడీ బియ్యం ఉల్లిపాయలూ అడుక్కుంటాం. సాయంత్రం అన్నీ ఒక్క కుండలో వండి ఊరంతా తింటాం. మా తాతలు ఫ్రాన్స్ నుంచి తెచ్చుకున్న ఆచారం. ఈ మొనటోపీ చూశావా? జమీందారీ దొరసానుల్ని వెక్కిరించడానికి పేదవాళ్లు పెట్టుకునేవాళ్లు. ఆ ఒక్కరోజు ఎవరు ఎవరైనా కావచ్చు."

చిన్నప్పుడు వీధిలోకి వచ్చిన పగటివేషగాళ్లు గుర్తొచ్చారు శ్రీలేఖకి. కానీ నవ్వు రాలేదు.

"మా అత్తగారు ఇటు వచ్చారా?"

"లేదే" అంది ఒడిల్, కుంచె మీదినుంచి కళ్లెత్తకుండా. "అన్నట్టు, వేషం కట్టేదెవరో సొంత మొగుడికి కూడా చెప్పకూడదు. గుర్తుపట్టినా పేరు పెట్టి పిలవకూడదు. అది మా కట్టుబాటు."

తిరిగి వస్తూ శ్రీలేఖ ఒడిల్ పెరట్లోని కొట్టాం వైపు చూసింది. తలుపు మూసి ఉంది. గుమ్మం బయట, బురదలో కూడా తీరుగా పక్కపక్కనే విడిచిన రబ్బరు చెప్పులు. ఈ చుట్టుపక్కల గుమ్మం ముందు చెప్పులు విడిచే మనిషి ఒక్కతే.

ఒడిల్ అబద్ధమాడింది. మతిమరుపు మనిషిని మాటల్లో పెట్టి పట్టుచీరలు లాక్కుంటోందా? ఆ రాత్రి భర్తకి చెప్పేద్దామని రెండుసార్లు నోరు తెరిచి, రెండుసార్లూ మజ్జిగ పోసింది.

మంగళవారం సెలవు. ఉదయ్ లేచేసరికే తల్లి గదిలో లేదు. పదకొండైనా రాలేదు.

"నీకు తెలీకుండా ఎలా వెళ్తుంది? ఇంకో అరగంట చూసి షెరిఫ్‌కి కాల్ చేస్తా. హోమ్‌కి కూడా ఇవాళే మెయిల్ పెడతా, ఇంక లాభం లేదు."

అంతలో వాకిట్లోకి ట్రాక్టరు లాక్కొచ్చిన ట్రైలరు ఆగింది. దాన్నిండా చింపిరి కుచ్చుల బట్టలు, మొనటోపీలు, తీగ ముసుగులు. ముసుగులేని పెద్దమనిషి ఒకడు తెల్లజెండాతో మెట్లెక్కి, మార్డీ గ్రా వేషాల్ని లోపలికి రానిస్తారా అని అడిగాడు. ఉదయ్ విసుగ్గా తలూపాడు. జెండా ఊగింది. వేషాలన్నీ బిలబిలమని ఇంట్లోకి వచ్చిపడ్డాయి. ఒకడు సోఫా ఎక్కాడు, ఒకడు ఉదయ్ కాళ్లు పట్టుకుని కోడిపెట్ట కోసం దొంగేడుపు మొదలుపెట్టాడు. ఎంత చిరాకులో ఉన్నా ఉదయ్‌కి నవ్వొచ్చింది. ఫోన్ తీసి వీడియో పట్టాడు.

అందరూ బురద బూట్లతోనే వచ్చారు. ఆఖరి వేషం మాత్రం గుమ్మం దగ్గర ఆగి, చెప్పులు విడిచి, పక్కకి సర్ది లోపలికి వచ్చింది. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ కుచ్చులు. టోపీ చుట్టూ జరీ మామిడిపిందెలు. నడుం మీద చెయ్యి పెట్టుకుని గిర్రున తిరిగింది, దరువు తప్పకుండా. బాత్రూమ్‌లోంచి వినబడే దరువే. తర్వాత ఎవరూ చూపించకుండానే వంటింట్లో బియ్యం డబ్బా దగ్గరికి వెళ్లి చొక్కా చెంగు పట్టింది.

శ్రీలేఖ డబ్బా మూత తీసింది. ఇన్నాళ్లూ తను వెతికినవేవీ పోలేదు. ఆ రంగులన్నీ ఇక్కడే ఉన్నాయి, కట్టుకోవలసిన మనిషి మీదే. ముసుగు మీద దిద్దిన ఎర్రబుగ్గలు నవ్వుతున్నాయి. వెనకాల కళ్లు కనబడలేదు. చెంగులో పట్టినన్ని బియ్యం పోసింది.

"లేఖా!" ఉదయ్ ఫోన్ దించాడు. "ఆ అంచు... అమ్మ ఎర్రచీర కదూ?"

వేషం కదలకుండా నిలబడిపోయింది.

"అవును. నేనే ఇచ్చాను."

"చింపడానికా? మరి అమ్మ ఏది?"

"ఎక్కడున్నారో నాకు తెలుసు. పొద్దుగూకేసరికి వస్తారు. ఎవరికీ ఫోన్ చెయ్యకండి." డబ్బా మూత పెట్టింది. "గురువారం డాక్టర్ దగ్గరికి నేనూ వస్తాను. చూసింది చూసినట్టే చెప్తాను. హోమ్‌లో పెట్టాల్సినంతగా నాకేం కనబడలేదు."

ఉదయ్ చూపు గుమ్మం దగ్గరి చెప్పుల మీద పడింది, అక్కడినుంచి వేషం కాళ్ల మీదికి. ఫోన్ మెల్లగా జేబులో పెట్టుకున్నాడు.

వేషం బియ్యం మూటని గుండెకి హత్తుకుని, చెప్పుల్లో కాళ్లు దూర్చి, మెట్లు దిగి వెళ్లిపోయింది.