కుంకుమరంగు పోగు

గద్వాల్‌లో నెట్ సెంటర్ నడిపే నాగేశ్‌కు ఊళ్లో ఎవరికీ తెలియని ఇంకో కొలువు ఉంది. జీతం లేదు, పేరు మాత్రం ఉంది. ఎవరైనా ఉచితంగా వాడుకోగలిగే, ఎవరైనా దిద్దగలిగే ఒక ఆపరేటింగ్ సిస్టం ఉంది. అందులో కెమెరాలను నడిపించే డ్రైవర్ కోడ్‌కు ఏ దేశంవాడు మార్పు పంపినా, కొన్ని రకాల కెమెరాల వరకు ఇతను చూసి సరే అనాలి. ఆ మాటంటే అతనికి లోపల్లోపల ఎంత మురిపెమో!

2008 ఎండాకాలంలో ఒక మార్పు వచ్చింది. ఒకే వరుస, అందులో ఒకే అంకె. బొమ్మలో ఎరుపు ఎంత ఉండాలో చెప్పే అంకె అది. ఆ కెమెరా నాగేశ్ బల్ల మీదే ఉంది. పెట్టి చూస్తే పది నిమిషాల పని. అప్పుడే కరెంటు పోయి వచ్చింది, ఉక్కపోత చంపేస్తోంది. ఒక్క అంకెకు ఇంత తంటా ఎందుకులే అనుకున్నాడు మహానుభావుడు. ‘పరీక్షించాను, బాగుంది’ అని రాసి కింద పేరు పెట్టాడు. సెంటర్లోని కంప్యూటర్లన్నిటికీ అదే ఎక్కించాడు కూడా.

నాగేశ్ నాయిన జంగయ్య మగ్గం నేస్తాడు. ఆ వారమే బెంగళూరు షావుకారుకు సెంటర్లోని కెమెరా ముందు కుంకుమరంగు అంచు చీర ఒకటి పరిచి నెట్‌లో చూపించాడు. అంచు ఎంత బాగుందో, అచ్చం ఇదే రంగులో పన్నెండు కావాలన్నాడు షావుకారు. జంగయ్య చీర మడతలు సర్దుతూ తెర వైపు చూడనే లేదు. ఆ చీర మర్నాడే అమ్ముడుపోయింది. అంచుకు కావలసిన పట్టుకు ఎప్పటిలాగే అద్దకం పని చేసే బక్కయ్య రంగు వేశాడు. రెండు నెలల తర్వాత పన్నెండు చీరలూ తిరిగొచ్చాయి. చూపించింది ఈ రంగు కాదని షావుకారు కబురు.

జంగయ్య నేరుగా బక్కయ్య ఇంటికి పోయాడు. “ముప్పై ఏండ్లల్ల ఏనాడు గిట్ల చెయ్యలే. ఏందిది బక్కయ్యా?” అన్నాడు.

రంగు వేసిన ప్రతిసారీ ఒక పోగు ముడేసి గోడ మేకుకు తగిలించడం బక్కయ్యకు అలవాటు. షావుకారుకు చూపించిన చీర పోగునూ కొత్త పోగునూ పక్కపక్కన పెట్టి వెలుతురులో చాలాసేపు చూశాడు.

“నాకు రెండు ఒక్కతీరుగనే కనబడుతున్నయి జంగయ్యా. అంటే నా కండ్లే పోయినట్టు,” అన్నాడు.

దవాఖానకు పోయి అద్దాలు తెచ్చుకున్నాడు. రంగు పని మాత్రం మానేశాడు.

అన్నం తింటూ నాయిన ఈ సంగతి చెబుతుంటే నాగేశ్‌కు ఎండాకాలంలో తాను చూడకుండా సరే అన్న ఆ ఒక్క అంకె గుర్తొచ్చింది. పొద్దున్నే సెంటర్ తెరిచి, కెమెరా ముందు కుంకుమరంగు పట్టు పట్టుకున్నాడు. తెర మీద వంగపండు రంగు కనిపించింది. పాత అంకె పెట్టి చూశాడు. కుంకుమ కుంకుమలాగే కనిపించింది. అతనికి తల కొట్టేసినట్టయింది.

పరీక్షించకుండానే పరీక్షించానని రాశానని, తప్పు తనదేనని ఆ కోడ్ పని చూసేవాళ్లందరికీ మెయిల్ పెట్టాడు. గంటలో జవాబు వచ్చింది. ఇలాంటివి జరుగుతుంటాయి, నిజం చెప్పినందుకు ధన్యవాదాలు అని. రెండంటే రెండు ముక్కలు. తిట్టినా బాగుండేదనిపించింది.

నాయినకు చెప్పాడు. జంగయ్య మగ్గం ఆపాడు. “నాకు జెప్తే ఏమొస్తది? ఆయనకు జెప్పు, పో. నేను మల్ల వస్త. నాకు గూడ ఆయన ముందల మొకం చెల్లది,” అన్నాడు.

బక్కయ్య వాకిట్లో కూర్చుని ఉన్నాడు. నాగేశ్ నిలబడే ఉన్నదున్నట్టు చెప్పాడు. బక్కయ్య అద్దాలు తీసి, మేకుకున్న పోగులు తెచ్చి మళ్లీ చూసుకున్నాడు.

“అయితే నా కండ్లు మంచిగనే ఉన్నయా బిడ్డా?”

“మంచిగనే ఉన్నయి కాకా. తప్పు నాది.”

“చూడకనే బాగుందని రాసినవు.”

“అవు కాకా.”

“నేను చూసి గూడ నమ్మలే.”

నాగేశ్ తల ఎత్తలేకపోయాడు. “రేపు పట్టు తెస్త కాకా. నాయిన గూడ వస్తడు. మల్ల నువ్వే రంగెయ్యాలె,” అన్నాడు.

బక్కయ్య పెరటి వైపు చూపించాడు. పొయ్యి చుట్టూ మసిబట్టిన రాళ్లు మాత్రమే ఉన్నాయి.

“రంగు కాగులు మొన్ననే అమ్మేసిన బిడ్డా,” అన్నాడు.