తోక డ్యూటీ

కొండ పరుగు పందెం కమిటీలో ఎవరికి ఏ పని అన్నది చీటీలు తీసి తేలుస్తారని చెప్పుకుంటారు. శుద్ధ అబద్ధం. చీటీలు రాసేదీ ఆయనే, మడిచేదీ ఆయనే, తీసి చదివేదీ ఆయనే. ఆయనంటే అధ్యక్షుడు, బజారులో పెద్ద బూట్ల దుకాణం యజమాని. అందుకే ఫొటోలు పడే పనులన్నీ ఏటా ఆయన చుట్టాల చీటీల్లోనే వస్తాయి. ముగింపు గీత దగ్గర పతకాలు వేసేది బామ్మర్ది. మైకు పట్టుకునేది కూతురు. నీడలో కూర్చుని నంబర్లు పంచేది తోడల్లుడు. మరుగుదొడ్ల దగ్గర వరుస నిలబెట్టడం, బత్తాయిలు కోయడం, ఎండలో మలుపు దగ్గర నిలబడి జెండా ఊపడం, ఇవి మిగతా జనానికి. సేవ అంటే అందరిదీ సేవే. కాకపోతే కొందరి సేవకు కుర్చీ ఉంటుంది.

ఆ అధ్యక్షుడికి గోరుచుట్టులా తయారైన మనిషి ఒకామె ఉంది. పెద్ద హోటల్ లాండ్రీలో ఇస్త్రీ విభాగం చూస్తుంది. అక్కడా ఇక్కడా అందరూ ఆమెను రూళ్లకర్ర అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు. ఒకసారి హోటల్ మేనేజరు పనివాళ్ల మీద నలభై రూల్స్ పుస్తకం ఒకటి పడేశాడు. మిగతావాళ్లు తిట్టుకున్నారు. ఈమె మాత్రం దాన్ని రెండుసార్లు చదివి, "బాగుంది, అక్షరం తప్పకుండా చేద్దాం" అంది. ప్రతి దుప్పటినీ రెండు వైపులా వెలుతురులో పట్టి చూడాలని రాశాడు, చూశారు. ప్రతి చొక్కాకూ గుండీలు లెక్కపెట్టాలని రాశాడు, లెక్కపెట్టారు. మూడో రోజుకు హోటల్లో పరుపులన్నీ బోడిగా మిగిలాయి. నాలుగో రోజు మేనేజరే వచ్చి పుస్తకం తన చేత్తో చింపాడు. ఒక్కరూ పని మానలేదు, ఒక్కరూ గొంతు పెంచలేదు. రూలు రాసేవాడు దాన్ని ఎదుటివాడి కోసం రాస్తాడు, అది తన మెడకు చుట్టుకుంటుందని అనుకోడు.

అలాంటి మనిషిని ఎక్కడ పెట్టినా తంటాయే. నంబర్ల బల్ల దగ్గర పెడితే, వరుసలో రాకుండా వచ్చిన అధ్యక్షుడి వియ్యంకుణ్ణి వెనక్కి పంపింది. నీళ్ల బల్ల దగ్గర పెడితే, సీసాలు ఎందుకు తక్కువొచ్చాయని మైకులోనే అడిగింది. అందుకని ఈ ఏడు ఆయన బాగా ఆలోచించి చీటీ తీశాడు.

"అమ్మా, మీకు తోక వచ్చింది" అన్నాడు పళ్లికిలిస్తూ.

తోక అంటే, పందెంలో అందరికంటే వెనకున్న రన్నరు వెనక నడిచే మనిషి. ఇరవై నాలుగు కిలోమీటర్లూ నడవాలి. దారి గుర్తుకు చెట్లకు కట్టిన రిబ్బన్లు విప్పుకుంటూ, చెత్త ఏరుకుంటూ రావాలి. ఫొటో ఉండదు, మైకు ఉండదు, పోట్లాడటానికి మనిషి ఉండడు.

"తోకేగా, సంతోషం" అంది రూళ్లకర్ర. "రూల్స్ కాగితం ఒకటివ్వండి సార్."

ఆయన ఇచ్చాడు. అక్కడే పప్పులో కాలేశాడు.

సంగతేమిటంటే, కిందటేడు దాకా చివరి నీళ్ల బల్ల దగ్గర గడియారం ఉండేది. ఇన్ని గంటలకల్లా అక్కడికి రాకపోతే రన్నరును జీపెక్కించేవాళ్లు. కిందటేడు ఆ బల్ల దగ్గర రెండు గడియారాలు రెండు టైములు చూపించాయి, నలుగురు కాలర్లు పట్టుకున్నారు. ఆ గొడవ మళ్లీ వద్దని అధ్యక్షుడే కూర్చుని కొత్త రూలు రాశాడు: గడియారం లేదు, తోకే గడియారం. తోక దాటిపోయిన రన్నరు పందెంలో లేనట్టే. తోక కంటే ముందున్నంత సేపు ఉన్నట్టే. ఆయన లెక్కలో తోక పన్నెండింటికల్లా కొండ దిగాలి. ఆ లెక్క ఆయన బుర్రలోనే ఉండిపోయింది, కాగితంలోకి దిగలేదు. కాగితంలో ఉన్నది వేరు: రిబ్బన్లన్నీ ముడి విప్పి తీయాలి, వచ్చే ఏడు వాడుకోవాలి కాబట్టి కత్తిరించకూడదు. కంటికి కనబడిన చెత్త ప్రతి ముక్కా ఏరాలి. కారణం లేకుండా ఆగకూడదు. రన్నరును తాకకూడదు, మోయకూడదు, తిండీ నీళ్లూ ఇవ్వకూడదు.

రూళ్లకర్ర ఆ కాగితం చదివి మడిచి జాకెట్ జేబులో పెట్టుకుంది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.

ఆమె హాయికి కారణం ఆమె వదిన. వదినంటే అన్న భార్య, ఇరవై ఏళ్లుగా సిటీ బస్సు నడుపుతున్న మనిషి. ఈ పందెం రెండుసార్లు పరుగెత్తింది, రెండుసార్లూ చివరి బల్ల దగ్గర ఆపేశారు. మొదటిసారి పావుగంట ఆలస్యం, రెండోసారి రెండే నిమిషాలు. రెండుసార్లూ జీపు వెనక సీట్లో కూర్చోబెట్టి కిందికి దింపారు. జీవితమంతా జనాన్ని తన వెనక కూర్చోబెట్టుకుని నడిపిన మనిషికి, వేరే ఎవరో నడుపుతుంటే వెనక కూర్చుని కొండ దిగడం కంటే వేరే చావు లేదు. ఈసారీ ఆగితే మళ్లీ రావడానికి వీల్లేదు. మూడుసార్లు మధ్యలో ఆగిన మనిషికి ఇక ప్రవేశం లేదని అదే కాగితంలో చివరి రూలు.

పందెం పొద్దున ఆరింటికి మొదలైంది. నూట నలభై మూడు మంది. ఏడింటికల్లా వదిన అందరికంటే వెనకపడింది. ఆమె వెనక, చేతిలో గోనెసంచితో, తోక.

"ఏమే, నువ్వేనా నా వెనక?" అంది వదిన వగరుస్తూ. "నా పాలిట యముణ్ణి ఎవర్ని పంపుతారా అనుకున్నా. ఇంట్లోంచే పంపారన్నమాట."

"ముందు చూసి పరుగెత్తు వదినా. నాకు పనుంది."

పనంటే అలాంటిలాంటి పని కాదు. ప్రతి రిబ్బన్ ముందూ నిలబడి, ముడి ఎటు నుంచి వేశారో చూసి, గోటితో వదులు చేసి, విప్పి, చేత్తో సాపు చేసి, నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసింది. ఇస్త్రీ చేసే చెయ్యి, మడత పెట్టకుండా వేయమంటే ఎలా వేస్తుంది? ఆకు కింద చాక్లెట్ కాగితం కనబడితే ఏరింది. దాని చిరుగు ముక్క కోసం కూడా వెతికింది. కాగితంలో ప్రతి ముక్కా అని ఉంది మరి.

పదిన్నరకు వాకీటాకీ గురగురలాడింది. "తోక ఎక్కడుంది?"

"పదకొండో కిలోమీటరులో ఉంది సార్."

"ఇంకా పదకొండేనా? ఏం చేస్తున్నారక్కడ?"

"ముడి విప్పుతున్నా సార్. మీ బామ్మర్దిగారు కట్టినట్టున్నారు, ఒక్కోదానికి మూడేసి ముళ్లు. ఉడుముపట్టు."

"కత్తిరించెయ్యండమ్మా!"

"అయ్యో, అది రూలు కాదు సార్. మీరే రాశారు, ఎంత బాగా రాశారో! ఉండండి, చదివి వినిపిస్తా..."

వాకీటాకీ టక్కున ఆగింది.

చివరి నీళ్ల బల్ల పదిహేడో కిలోమీటరు దగ్గర. దాని బాధ్యత ఒక ప్లంబరుది. బల్ల, నీళ్ల డ్రమ్ము, తరిగిన బత్తాయిలు, పక్కనే ఆ పాపిష్టి జీపు. వదిన వచ్చి స్టూలు మీద కూలబడింది. ప్లంబరు చేతిలో ఇంకో వాకీటాకీ అరుస్తోంది: "ఆవిణ్ణి ఎక్కించెయ్! పన్నెండున్నరయింది! ముఖ్య అతిథి వెళ్లిపోతానంటున్నారు!"

ప్లంబరు దారి వైపు చూశాడు. యాభై అడుగుల దూరంలో రూళ్లకర్ర ఒక కొమ్మ పట్టుకుని, నాలుక కొద్దిగా బయట పెట్టి, సూదిలో దారం ఎక్కిస్తున్నంత శ్రద్ధగా ముడి విప్పుతోంది.

"తోక ఇంకా దాటలేదు సార్" అన్నాడు ప్లంబరు. "దాటితే కదా ఎక్కించాల్సింది."

"నీ కంటికి కనబడుతోందా లేదా ఆ తోక?"

"శుభ్రంగా కనబడుతోంది. ఎంత కష్టపడుతోందో పాపం." అని వాకీటాకీ నోరు మూసి, వదిన చేతిలో ఇంకో బత్తాయి పెట్టాడు. "తినక్కా. ఆవిడ చేతికింద ఇంకా రెండు ముళ్లున్నాయి. తొందరేం లేదు."

వదిన తిని, తాగి, లేచి పోయింది. తోక వచ్చి బల్ల చుట్టూ తొక్కలు ఏరింది, బల్ల కింద కూడా ఏరింది, అప్పుడు కదిలింది.

అంతవరకూ ఆటే. అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది.

పంతొమ్మిదో కిలోమీటరు నుంచి దారి కొండ వెన్ను మీద ఉంటుంది. ఒట్టి బండరాయి. చెట్టు లేదు, కొమ్మ లేదు, రిబ్బన్ లేదు. రాళ్ల మీద పసుపు రంగు గుర్తులు, అంతే. విప్పడానికి ఏమీ లేదు, ఏరడానికి ఏమీ లేదు. ఆ వెన్ను మధ్యలో ఒక రాయి మీద వదిన కూర్చుని ఉంది. కాళ్లు చాపేసింది.

"దాటిపోవే" అంది దూరం నుంచే. "నా వల్ల కాదిక. పిక్కలు కొయ్యముక్కలైపోయాయి."

రూళ్లకర్రకు జేబులోని కాగితం గుర్తొచ్చింది. కారణం లేకుండా ఆగకూడదు. ఆగితే? ఇక్కడ చూసేవాడెవడు? ఆకాశంలో గద్ద తప్ప. కానీ ఆమె ఆగలేదు. పొద్దుట్నుంచీ ఆమె బలమంతా ఒక్కటే, ఒక్క రూలూ తప్పకపోవడం. మనం ఒక్కటి తప్పితే పెత్తందారు చేతికి మనమే కర్ర అందించినట్టు. అందుకని నడిచింది. మడమకు బొటనవేలు తగిలేలా నడిచింది. ప్రతి రాయి పక్కనా వంగి చూసింది. దరిద్రం, ఒక్క కాగితం ముక్క లేదు. ఎప్పుడూ లేనిది ఈ ఏడే రన్నర్లకు బుద్ధొచ్చింది.

నలభై అడుగులు. ఇరవై. పది.

తాకకూడదు. మోయకూడదు. నీళ్లివ్వకూడదు. కాగితం మొత్తం మనసులో తిరగేసింది. మాట్లాడకూడదని మాత్రం ఎక్కడా లేదు.

"కూర్చో వదినా, కూర్చో. మా అన్న ముందే చెప్పాడు."

"ఏమన్నాడు?"

"అది జీపులోనే దిగుతుంది, దానికి జీపు అలవాటైపోయింది, అన్నాడు. మధ్యాహ్నానికే వచ్చేస్తుందని నీకు స్నానానికి నీళ్లు కూడా కాచి పెట్టాడు."

వదిన మెడ తిరిగింది. "ఆయనన్నాడా?"

"అన్నాడు. మీ డిపోలో కూడా అన్నారట. బస్సు రివర్సు చేస్తూ గోడను గుద్దిన మనిషి కొండేం ఎక్కుతుందని."

"ఆ గోడ అక్కడ కట్టకూడదు!"

"గోడకు చెప్పు."

"ఒసేయ్! నువ్వు నాకు ఆడపడుచువా, పూర్వజన్మ శత్రువువా?"

"ఆరడుగులుంది వదినా. నేను నిన్ను దాటగానే జీపు పిలుస్తా. ఈసారి ముందు సీటు అడుగుతాలే, నీ పరువు కోసం."

వదిన లేచింది. ఎలా లేచిందో ఆమెకే తెలియదు. లేస్తూ లేస్తూ ఒక తిట్టు, మొదటి అడుగుకు ఒకటి, రెండో అడుగుకు ఇంకోటి. తిట్టుకో అడుగు చొప్పున వెన్ను దాటేసింది. అన్న ఆ మాటలు ఒక్కటీ అనలేదు. పొద్దున ఐదింటికి లేచి ఆమె బూట్లకు తాళ్లు కట్టి పంపాడు. కానీ అబద్ధమాడకూడదని తోకకు ఏ రూలూ లేదు.

వెన్ను దిగగానే మళ్లీ చెట్లు, చెట్లకు రిబ్బన్లు. రూళ్లకర్ర మొదటి ముడిని చూసి, దేవుడు ప్రత్యక్షమైనట్టు దండం పెట్టింది.

కిందికి వచ్చేసరికి మూడు దాటింది. ముఖ్య అతిథి పోయాడు. గీత మీద నిలబెట్టిన గాలి కమాను సగం గాలి పోయి తాగుబోతులా ఒరిగింది. బామ్మర్ది పతకాల పెట్టె వ్యానులో వేసి, దాని మీద కుర్చీలూ బల్లలూ పేర్చేశాడు. గీత దగ్గర అధ్యక్షుడు నడుం మీద చేతులేసుకుని నిలబడ్డాడు.

"పందెం అయిపోయిందమ్మా" అన్నాడు.

వదిన ఆయన పక్కనుంచి కుంటుకుంటూ గీత దాటేసింది. టైములు రాసే గడియారాల మెకానిక్ పెన్ను పట్టుకుని అటూ ఇటూ చూశాడు. "రాయాలా సార్?"

"రాయొద్దు."

అప్పుడు తోక వచ్చింది. గీతకు జానెడు దూరంలో ఆగింది. సంచి దించి, దాని మీద కూర్చుంది.

"దాటండి, ఇంకా ఏంటి?" అన్నాడు అధ్యక్షుడు.

"దాటుతా సార్. తోక గీత దాటాకే పందెం ముగిసినట్టు, పద్నాలుగో రూలు. గీత దాటిన ప్రతి రన్నరుకూ పతకం, పదిహేనోది. మీరు పదిహేను చేయండి, నేను పద్నాలుగు చేస్తా."

"కారణం లేకుండా ఆగకూడదని కూడా ఉంది!"

"కారణం మీరే కదండీ."

అధ్యక్షుడు అంబులెన్సు డ్రైవరు వైపు తిరిగాడు. "నువ్వు బయల్దేరవయ్యా, అయిపోయింది."

డ్రైవరు ఇంజను ఆపేశాడు. "తోక వచ్చేదాకా కదలకూడదని నా కాగితంలో ఉంది సార్." జీపు దిగిన ప్లంబరు వచ్చి సంచి పక్కన చతికిలబడ్డాడు. మలుపుల దగ్గర జెండాలు ఊపినవాళ్లు, మరుగుదొడ్ల వరుస చూసినావిడ, బత్తాయిలు కోసినావిడ, ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. పొద్దున ఐదింటి నుంచి నిలబడ్డ కాళ్లవి. నినాదం లేదు, చెయ్యి లేవలేదు. ఊరికే కూర్చున్నారు. అంతకంటే భయంకరమైనది పెత్తందారుకు ఇంకోటి లేదు.

"వ్యానులో సామాను దింపరా" అన్నాడు అధ్యక్షుడు నీరసంగా.

బామ్మర్ది దింపాడు. యాభై కుర్చీలు, పన్నెండు బల్లలు, బ్యానర్లు, మైకు పెట్టెలు. జనం కాళ్లు చాపుకుని, "అది కాదు, ఆ కిందది," "జాగ్రత్త బావా, నడుం," అంటూ సలహాలిచ్చారు. పెట్టె బయటపడేసరికి బామ్మర్ది చొక్కా పిండితే చెంబెడు నీళ్లొచ్చేలా ఉంది. అధ్యక్షుడు తన చేత్తోనే పతకం తీసి వదిన మెడలో వేశాడు. మెకానిక్ కాగితం మీద నూట నలభై మూడో టైము రాసి, కింద ఆయనతో సంతకం పెట్టించుకున్నాడు.

రూళ్లకర్ర లేచి, కూర్చున్న చోట రాలిన రెండు బత్తాయి గింజలు ఏరి సంచిలో వేసి, గీత దాటింది.

"వచ్చే ఏడు నిన్ను పార్కింగులో వేస్తా, చూడు" అన్నాడు అధ్యక్షుడు పళ్లు కొరుకుతూ.

"ఆలోచించుకోండి సార్" అంది వదిన, పతకం తిప్పి వెనక ఏం రాశారో చూసుకుంటూ. "ఒక్క కారు కూడా బయటికి రాదు."