చెయ్యెత్తితే ఆరిపోయే స్వెట్టరు

“ఉతికాక కూడా వెలుగుతుందో లేదో చూడాలి. ఇంటికి తీసుకెళ్లి చేత్తో ఉతికి తెండి మేడం, మీకు అలవాటే కదా” అన్నాడు ఇంజనీరు. ఆయనకూ రెండు చేతులున్నాయి, ఆఫీసులో కుళాయీ ఉంది. అయినా పదకొండేళ్లుగా అల్లిక మెషిను మీద పనిచేస్తున్న ఆమె “సరే” అని స్వెట్టరును సంచిలో పెట్టుకుంది. తెల్లవారుజామున రోడ్లు ఊడ్చేవాళ్ల కోసం తయారవుతున్న స్వెట్టరది. ఊలులో వెలిగే దారాన్నీ, దాన్ని ఆనుకుని కరెంటు మోసే సన్నటి లోహపు దారాన్నీ కలిపి అల్లారు. బ్యాటరీ తగిలిస్తే ఛాతీ మీదా చేతుల మీదా పసుపుపచ్చ చారలు వెలుగుతాయి. శుక్రవారం మున్సిపాలిటీ వాళ్లు చూడటానికి వస్తున్నారు.

ఆ శుక్రవారం మీదే ఆమె ఉద్యోగమూ ఆధారపడి ఉంది. “మూడేళ్లుగా ఆ దారాలతో కుస్తీ పడుతున్నావు. ఈసారీ తేలకపోతే మానేసి ఇంటిపట్టున ఉండు, అమ్మకీ తోడుంటుంది” అన్నాడు భర్త, చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ. అన్నం తిన్నావా అని అడిగినంత మామూలుగా అన్నాడు. ఆమె “సరే” అంది. ఎందుకన్నదో ఆమెకే తెలీదు. ఇన్నేళ్ల కాపురంలో ఆ మాట నోటికి అలవాటైపోయింది, అంతే.

ఉతికి ఆరేసిన స్వెట్టరును మర్నాడు సాయంత్రం తొడుక్కుని చూసుకుంది. చారలు చక్కగా వెలిగాయి. హమ్మయ్య అనుకునేలోపే వంటింట్లోంచి అత్తగారు కేకేసింది, పై అరలో పప్పు డబ్బా అందడం లేదని. ఆమె వెళ్లి చేతులెత్తింది. చారలన్నీ టక్కున ఆరిపోయాయి.

“అయ్యో, ఆరిపోయిందే. దించు చూద్దాం” అంది అత్తగారు. దించితే వెలిగింది. “మళ్లీ ఎత్తు.” ఆరింది. పెద్దావిడకు సరదా పుట్టి ఓ పదిసార్లు ఎత్తించింది. “మీ ఆఫీసులో ఎవరూ పై అరలోంచి డబ్బా తియ్యరా ఏంటి?”

“అక్కడ బొమ్మకి తొడిగి చూస్తారు అత్తయ్యా. ఆ బొమ్మ చేతులు కిందికే ఉంటాయి.”

చెబుతుండగానే ఆమెకు లోపం ఎక్కడుందో తెలిసిపోయింది. చెయ్యెత్తితే ఊలు సాగుతుంది, తిన్నగా వేసిన లోహపు దారం సాగదు. బిగుసుకుని వెలుగు దారాన్ని వదిలేస్తుంది. తిన్నగా వద్దు, వదులుండాలని మొదట్లోనే చెప్పిందామె. “తిన్నగా ఉంటేనే నీటుగా ఉంటుంది మేడం, డిజైన్ మేం చూసుకుంటాం” అని కొట్టిపారేశాడు ఇంజనీరు. అప్పుడూ సరే అంది.

ఈసారి ఎవరినీ అడగలేదు. మర్నాడు పొద్దున్నే, ఇంకా ఎవరూ రాకముందే మెషిను ముందు కూర్చుని, చంకల దగ్గరా మోచేతుల దగ్గరా లోహపు దారాన్ని అలలు అలలుగా వదులిచ్చి కొత్త స్వెట్టరు అల్లేసింది. పాతదాని బదులు దాన్నే బొమ్మకి తొడిగింది.

శుక్రవారం మున్సిపాలిటీ అధికారి తనతో రోడ్లు ఊడ్చే ఒకావిడను వెంటబెట్టుకొచ్చాడు. ఆ ఊడ్చే మనిషి స్వెట్టరు తొడుక్కున్న వెంటనే చేసిన మొదటి పని, రెండు చేతులూ ఎత్తి జుట్టు ముడేసుకోవడం. ఒక్క చారా ఆరలేదు.

“చంక దగ్గర ఇలా వంకరటింకరగా ఎందుకల్లారు?” అని అడిగాడు అధికారి. ఇంజనీరు అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు వంగి చూశాడు.

“నేనల్లాను, నేను చెబుతాను” అంది ఆమె. ఐదు నిమిషాలు చెప్పింది. మధ్యలో ఎవరూ అడ్డురాలేదు. అధికారి రెండొందల స్వెట్టర్లు కావాలన్నాడు. ఊడ్చే మనిషి మాత్రం “జేబు కూడా పెట్టమ్మా” అంది. పెడతానంది.

ఇంటికి నడుస్తుంటే ఎన్నాళ్ల బరువో దిగినట్టుంది. నవ్వొచ్చింది, కళ్లూ తడిశాయి. భర్తకు రెండేళ్లు ప్రమోషన్ ఆగిపోయినప్పుడు పక్కన కూర్చుని ధైర్యం చెప్పింది. ఇక మానెయ్యమన్న ఆలోచన తనకు కలలోనైనా రాలేదు. మరి తన ఉద్యోగానికే ఈ పరీక్ష ఎవరు పెట్టారు? తను ఎందుకు కూర్చుంది రాయడానికి?

భర్త తలుపు తీసి, ఆమె అత్తగారికి ఫోన్లో చెప్పింది అప్పటికే విన్నాడేమో, నవ్వుతూ “వెలిగిందటగా. బతికిపోయావు” అన్నాడు.

ఆమె చెప్పులు విప్పి పక్కన పెట్టింది. కోపం లేదు.

“వెలగకపోయినా మానేదాన్ని కాదండీ” అంది.