గుండెకు మంచిదన్న బోర్డు

వీధిలో అందరూ ఆమెను చాక్లెట్టమ్మ అనేవారు. భర్త పోయాక వెనకగదిలో కోకో గింజలు వేయించి, పొట్టు చెరిగి, నూరి, చాక్లెట్ బిళ్లలు పోసి ముందుగదిలో అమ్ముతూ కూతుర్ని ఒంటిచేత్తో పెంచింది. మొహమాటం ఎరగని మనిషి. బేరమాడడానికి వచ్చినవాళ్లు కూడా ఆమె మొహం చూసి నోరు మెదపకుండా కొనుక్కుపోయేవారు.

కూతురి పెళ్లయ్యాక అల్లుడూ కొట్లోనే చేరాడు. కోకో గుండెకు మేలు చేస్తుందని ఎక్కడో చదివి, గుమ్మం మీద పెద్ద బోర్డు కొట్టించాడు: ‘గుండెకు మంచిది. రోజూ తినండి.’ మన బిళ్లలో సగానికి సగం పంచదారేనని అత్తగారు అడ్డుపడితే, రాసినదాంట్లో అబద్ధమేముందని నవ్వేశాడు. వ్యాపారం మూడు పువ్వులు ఆరు కాయలుగా సాగింది. ఆమె మాట ఎవరూ చెవిన వేసుకోలేదు.

పక్క సందులో వడ్రంగి మేస్త్రి ఉండేవాడు. బీపీ మనిషి. రోజూ పని దిగి వస్తూ ఒక బిళ్ల కొనుక్కునేవాడు. ఒకనాటి సాయంత్రం కొట్టు ముందు బిళ్ల కోసం చెయ్యి చాచినవాడు చాచినట్టే గోడవారన కూలబడ్డాడు. చాక్లెట్టమ్మే ఆటో పిలిచి ఆస్పత్రికి తీసుకెళ్లింది. సమయానికి తెచ్చారు కాబట్టి బతికాడని చెప్పి, బీపీ మాత్రలు ఎందుకు మానేశావని డాక్టరమ్మ గద్దించింది.

మేస్త్రి చాక్లెట్టమ్మ వైపు చూశాడు. “నీ బోర్డు చూసే అక్కా. రోజూ ఇది తింటున్నాగా, ఇంక మాత్రలెందుకులే అనుకున్నా.”

బోర్డు మీది మాట నిజమేనా అని ఆమె డాక్టరమ్మను అడిగింది. కోకోకు రక్తనాళాలను కాస్త సడలించే గుణం ఉన్నమాట నిజమేననీ, అయితే పంచదార దట్టించిన బిళ్ల మందు కాదనీ, మాత్రకు బదులు అసలే కాదనీ డాక్టరమ్మ విడమరిచి చెప్పింది.

మర్నాడు వీధి కిటకిటలాడే వేళకు ఆమె నిచ్చెన వేసుకుని ఎక్కి, సుత్తితో బోర్డు మేకులు పీకడం మొదలుపెట్టింది. అల్లుడు పరుగెత్తుకొచ్చాడు.

“అందరూ చూస్తున్నారు, దిగండి అత్తయ్యా.”

“చూడనివ్వండి. చూడాలనే ఈ వేళప్పుడు ఎక్కాను.”

“అమ్మకాలు పడిపోతాయి.”

“నిన్న మనిషే పడిపోయాడు బాబూ.”

ఈ వయసులో ఇంత మొండితనమేంటని కూతురు కింది నుంచి బతిమాలింది. ఆమె మేకు పీకుతూనే జవాబిచ్చింది. “కోకోలో మంచి లేదని నేనన్నానా? గోరంత మంచిని కొండంత చేసి రాసుకున్నాం. పంచదార ఊసే ఎత్తలేదు.”

“అయితే ఈ కొట్లో ఇక నాకేం పని?” అన్నాడు అల్లుడు.

“ఉన్నమాట చెప్పి అమ్మేట్టయితే బోలెడు పని. లేదంటారా, మీ ఇష్టం. బోర్డు మాత్రం మళ్లీ ఎక్కదు.”

చివరి మేకు ఊడింది. బోర్డు ధబ్బున నేల మీద పడింది.

అల్లుడు వెళ్లిపోలేదు. అలాగని చాలాకాలం ఆమెతో మాట్లాడనూ లేదు. అతనన్నట్టే అమ్మకాలూ తగ్గాయి. ఎదుటి వీధిలో ఇంకో కొట్టు అలాంటి బోర్డే తగిలించి, ఈమె దగ్గర కొనేవాళ్లలో సగం మందిని లాక్కుంది. కూతురు దిగులుపడింది. ఆమె మాత్రం తెల్లారగానే ఎప్పట్లా గింజలు వేయించేది. ఇది గుండెకు మంచిదటగా అని ఎవరైనా అడిగితే, ఆ సంగతి మీ డాక్టర్ని అడగండి, రుచి సంగతి నన్నడగండి అనేది. కొందరు నవ్వి కొనేవారు. కొందరు ఎదుటి వీధికి నడిచేవారు. పోయేవాళ్లను ఆమె ఒక్కనాడూ వెనక్కి పిలవలేదు.