మూడో పేజీ

నేను ఒక పరిశోధన వ్యాసానికి రీప్రింటుని. అంటే పత్రిక మొత్తం కాదు, అందులోంచి విడిగా తీసి పిన్ను కొట్టిన ఆరు పేజీలు మాత్రమే. 1991లో నాతోపాటు మరో ఇరవై నాలుగు ప్రతులు పోస్టులో విజయనగరం చేరాయి. రాసినాయన డాక్టర్ గేదెల పైడిరాజు, స్టాటిస్టిక్స్ రీడరు. కట్ట విప్పి మమ్మల్ని మంచం నిండా పరిచాడు. భార్య నూకరత్నం వచ్చి చూసి, "ఇరవై అయిదూ ఒకటేనా? అయితే ఒకటి చదివితే చాలు కదా" అంది. ఆ ఒకటీ చదవలేదనుకోండి.

నాలో ఉన్న సంగతి చిన్నదే. పంట దిగుబడి అంచనా వేయడానికి పొలంలో అయిదు మీటర్ల చతురస్రం తాడుతో గుర్తించి, అందులో పండింది కోసి తూస్తారు. చతురస్రం గట్టు దాటితే ఆ చోటు వదిలేసి వేరే చోటు వెతుకుతారు. దానితో గట్టు పక్కన పండింది లెక్కలోకి సరిగా రాదు. మా ఉత్తరాంధ్ర చిన్న మడుల్లో మడిలో సగం గట్టు పక్కే. ఆ తేడా సరిచేసే పట్టిక నా మూడో పేజీలో ఉంది. అందులో ఒక అంకె తప్పు పడింది. 0.93 అని ఉండాల్సినచోట 0.98 అచ్చువేశారు. పైడిరాజుగారు ఇరవై అయిదు ప్రతుల్లోనూ ఆ ఎనిమిదిని కొట్టేసి, పైన అడ్డగీత ఉండే తన మూడుని చేత్తో రాశాడు. అంత చాదస్తం.

గురువుగారికొకటి, లైబ్రరీకొకటి ఇచ్చాడు. నన్ను మజ్జి తవుడుకి ఇచ్చాడు. పొలాల్లో తాడు లాగి, ధాన్యం తూచి ఆయనకు అంకెలు తెచ్చిపెట్టిన గణాంక శాఖ ఉద్యోగి తవుడు. మిగిలినవి బీరువాలో పడుకున్నాయి.

నా అదృష్టం పొలాల్లో తేలింది. తవుడు నన్ను పాలిథిన్ కవరులో పెట్టుకుని కోతకోతకీ తిప్పాడు. నా మీద ధాన్యం దుమ్ము పడింది, ఒక మూల టీ ఒలికింది. పట్టిక బాగుందని పక్క మండలాలవాళ్లు అడిగితే జెరాక్స్ తీయించి ఇచ్చేవాడు. కావలసింది పట్టికే కనుక మూడో పేజీ ఒక్కటే తీయించేవాడు. రాసినాయన పేరు మొదటి పేజీలో ఉండిపోయింది. నాలుగైదేళ్లకు అది మూడు జిల్లాలకు పాకి 'తవుడుగారి టేబుల్' అయింది.

అక్కడ కాలేజీలో పైడిరాజుగారికి ప్రొఫెసర్ పదవి రావాలంటే సైటేషన్లు కావాలి. ఒక వ్యాసాన్ని ఇంకో వ్యాసం పేరు పెట్టి తలిస్తే అది సైటేషన్. పధ్నాలుగేళ్లలో నన్ను నాలుగుసార్లే తలిచారు. అందులో రెండు ఆయన వ్యాసాల్లోనే. ఒకసారి ఇంటర్వ్యూ తప్పింది. "మిమ్మల్ని మీరే తలుచుకుంటే పొలమారదా మాస్టారూ" అని తోటి లెక్చరర్లు నవ్వేవారట. మరుసటి ఏడు రిటైర్మెంటు. ఇక మిగిలింది ఒక్క అవకాశం.

ఆ ఏడే గణాంక శాఖ శిక్షణలో ఉపన్యాసానికి ఆయన్ని పిలిచారు. ముందు వరసలో ఒకమ్మాయి చేతిలో మాసిన జెరాక్స్ చూసి ఆగిపోయాడు. అడ్డగీత ఉన్న మూడు. తన చేతి రాత.

"ఇదెక్కడిదమ్మా?"

"తవుడుగారి టేబులండి. అందరం ఇదే వాడతాం."

వెనక కూర్చున్న తవుడు సంచిలోంచి నన్ను తీసి, తలొంచుకుని ఆయన దగ్గరికి వచ్చాడు. "సారూ, మీ పంట నా గాదెలో పడిపోనాది. నానెరగను."

పైడిరాజుగారు కోప్పడలేదు. ఎంతమంది వాడుతున్నారని అడిగాడు. రెండొందల పైమాటేనన్నాడు తవుడు. ఆయన కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు.

ఇంటర్వ్యూకి నన్ను తీసుకెళ్లాడు. బల్లకి అటువైపు పెద్దమనిషి నన్ను రెండు వేళ్లతో పట్టుకుని తిప్పి చూసి, వాడినవాళ్లు ఏ పత్రికలో రాశారని అడిగాడు. రాయలేదండి, వాడారన్నాడు ఈయన. అయితే లెక్కలోకి రాదన్నాడాయన.

"నిజమేనండి. గట్టు పక్కన పండింది లెక్కలోకి రాదు. నా వ్యాసంలో ఉన్నది అదే."

ఒకరిద్దరు నవ్వారు, మంచి నవ్వే. పదవి మాత్రం అరవై ఒక్క సైటేషన్ల ఆయనకు వెళ్లింది.

మర్నాడు పైడిరాజుగారు నన్ను తవుడుకి తిరిగి ఇవ్వబోతే అతను పుచ్చుకోవడానికి సిగ్గుపడ్డాడు. "ఉంచుకో తవుడూ. బీరువాలో ఇరవై రెండున్నాయి, ఒక్కటీ నలగలేదు. నలిగింది ఇదొక్కటే" అన్నాడు.

మళ్లీ నేను పాలిథిన్ కవరులోనే ఉన్నాను. పిన్ను తుప్పుపట్టింది, నాలుగో పేజీ ఊడింది. మనుషులు నన్ను తలవడం, తలవకపోవడం గురించి నాకిప్పుడు పెద్ద పట్టింపు లేదు. మొన్న కోతలకి ముందు తవుడు నన్ను జెరాక్స్ షాపులో ఇచ్చి, మొదటి పేజీ, మూడో పేజీ ముప్పయ్యేసి తీయమన్నాడు. అతని వెంట వచ్చిన, శాఖలో కొత్తగా చేరిన ఉద్యోగి నన్ను తిప్పి చూశాడు.

"మొదటి దాంట్లో టేబుల్ లేదు కదండీ."

"పేరుంది. తియ్యనీ" అన్నాడు తవుడు.